బుజ్జిని వెనకనుంచి పిలిచి చూడు

రుమైథియా, కువైట్
శుక్రవారం మధ్యాహ్నం

చెల్లి నాగలక్ష్మికి,

నీ అక్క సత్యవతి మనసారా దీవించి రాస్తున్న సంగతులు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీ బావ కూడా కబ్ద్ తోటలో బాగున్నారు, మోకాలి నొప్పి తగ్గిందట. నువ్వూ, మరిది గారూ, మీ అత్తయ్యగారూ, అందరికంటే ముందు మన బుజ్జీ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. నీ జలుబు తగ్గిందా? తడి తలతో పిల్లని ఎత్తుకోవద్దని పోయినసారి చెప్పాను. విని ఉండవు, నీ సంగతి నాకు తెలుసు.

వారానికి రెండుసార్లు ఫోన్లో మొహాలు చూసుకుని మాట్లాడుకునేవాళ్ళకి ఉత్తరం ఎందుకని నవ్వుతావేమో. మీ ఇంట్లో ఫోన్ మోగితే అందరూ చుట్టూ చేరతారు. స్పీకర్ పెట్టకపోతే మీ అత్తయ్యగారికి కోపం. నేను చెప్పవలసింది నీకొక్కదానికే. అందుకే కాగితం తీశాను. పక్క ఇంట్లో వంట చేసే అంబాజీపేట మంగ సెలవు మీద ఊరొస్తోంది. ఈ ఉత్తరం, దీంతోపాటు ఒక చిన్న పొట్లం నీ చేతికే ఇమ్మన్నాను. పొట్లం అప్పుడే విప్పకు. ముందు ఇది పెరట్లోకి వెళ్ళి ఒక్కదానివే చదువుకో.

తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు లక్ష్మీ. బుజ్జికి మన మాటలు వినిపిస్తున్నాయా లేదా అని నాకు అనుమానంగా ఉంది. అనుమానమే. నేను డాక్టర్ని కాను. తప్పయితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ ఈ అనుమానం పుట్టి మూడు వారాలైంది, ఎంత తోసేసినా పోవడం లేదు. ఎలా పుట్టిందో మొదటినుంచీ చెప్తాను, కంగారు పడకుండా చదువు.

ఇక్కడి పిల్లాడు యూసఫ్ సంగతి నీకు తెలుసు. బుజ్జి కంటే పంతొమ్మిది రోజులు పెద్దవాడు. వాడు నా చేతుల్లో పెరుగుతున్న నాలుగో పిల్లాడు. పదకొండేళ్ళలో నలుగురిని పెంచాను, ఒక్కరూ నావాళ్ళు కారు అనుకో, అయినా పసిపిల్లల్ని చూస్తూ ఉంటే నాకు పొద్దు తెలియదు. ఏం ఆలోచిస్తారో ఏమో. మూడు నెలలప్పుడు వీడు తన చేతిని తానే కనిపెట్టాడు. పిడికిలి మొహం ముందు పెట్టుకుని, ఇదెవరిది, ఇక్కడికెలా వచ్చింది అన్నట్టు గంటసేపు చూసేవాడు. ఆరో నెలలో చెంచా కింద పడెయ్యడం నేర్చాడు. నేను తీసి ఇస్తే మళ్ళీ పడేస్తాడు. ఒకరోజు లెక్కపెట్టాను, ముప్ఫై రెండుసార్లు. మొదట నన్ను ఏడిపించడానికి అనుకున్నాను. తర్వాత చూస్తే వాడు చెంచాని చూడటం లేదు. టైల్స్ మీద పడి అది ఠంగుమనే వరకూ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాడు. మోగగానే పకపకా నవ్వుతాడు. తివాచీ మీద పడి మోగకపోతే నన్ను కోప్పడతాడు.

మొదటి రోజుల్లో వీణ్ణి మన పద్ధతిలో కాళ్ళు చాపుకుని, కాళ్ళమీద బోర్లా వేసుకుని స్నానం చేయించబోతే మామా హడలిపోయింది. అదే, ఈ ఇంటి ఇల్లాలు. స్కూల్లో టీచరు, మంచి మనిషి. "ఊపిరాడదు, ఊపిరాడదు" అని తలుపు దగ్గర నిలబడి గోల. స్నానం అయ్యాక వాడు మూడు గంటలు ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. మర్నాటినుంచి ఆవిడే నీళ్ళు సరిగ్గా కాగాయా అని మోచెయ్యి ముంచి చూస్తోంది. వీలైతే మంగ తిరిగి వచ్చేటప్పుడు మన ఇంటి నలుగుపిండి ఒక డబ్బా పంపు. ముసలావిడ అడిగింది. ఆవిడ మామా అత్తగారు, మేమంతా మామా కబీరా అంటాం.

వీడు బోర్లా పడిన రోజు నేను బొబ్బట్లు చేశాను. ఎందుకు చేశావని మామా కబీరా అడిగింది. మా దగ్గర పిల్లలు బోర్లా పడితే ఇవి చేసి పంచుతాం, అడుగులేస్తే అరిసెలు చేస్తాం అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఆవిడ రెండు బొబ్బట్లు తిని, "మాకూ ఒకటుంది, వాడు కూర్చోవడం వచ్చాక చూద్దువుగాని" అంది. అదే మూడు వారాల కింద జరిగింది.

దాన్ని నూన్ అంటారు. పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, చుట్టాల పిల్లలందరినీ చుట్టూ చేర్చి, పళ్ళెం నిండా మిఠాయిలూ బాదం పప్పులూ నెత్తిమీదనుంచి పోస్తారు. పిల్లలు మీదపడి ఏరుకుంటారు. అచ్చం మన భోగిపళ్ళే. నాకు తెలియకుండానే దిష్టి తీద్దామని చెయ్యి ఎత్తబోయాను. మామా కబీరా వాడి వెనక నిలబడి పళ్ళేన్ని కొంచెం వంచింది. అంతే, ఇంకా ఒక్క గింజ కూడా కింద పడలేదు. పళ్ళెంలో బాదం పప్పులు గలగలమన్నాయి. యూసఫ్ ఉలిక్కిపడి గిర్రున వెనక్కి తిరిగి పైకి చూశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను.

అప్పుడు నాకు మన ఊళ్ళో అమ్మవారి గరగలు వచ్చిన రోజు గుర్తొచ్చింది.

నువ్వు వీడియో పెట్టి చూపించావు కదా. బుజ్జికి అయిదో నెల. మీ అత్తయ్యగారు అరుగుమీద కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. గరగలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు మీ వాకిట్లోకే వచ్చి ఆడారు. నాలుగు డప్పులు ఒక్కసారిగా మోగుతుంటే ఇక్కడ నేనే ఫోన్ దూరంగా పెట్టాను. బుజ్జి మాత్రం రెప్ప కదపలేదు. మీ అత్తయ్యగారు మురిసిపోతూ, "సూడండి సత్యవతి గారూ, మా మనవరాలికి బెదురన్నదే లేదు. ఎంత నిబ్బరవో, తాతగారి పోలిక" అన్నారు. నేనేమన్నానో గుర్తుందా? "నా బంగారుతల్లి దేనికీ బెదరదండి" అన్నాను. అంతటితో ఊరుకున్నానా, ఇక్కడ కనపడిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, ఆ మాత్రం తట్టొద్దా? ఈ తప్పు అందరికంటే ముందు నాది లక్ష్మీ. పిల్ల ఏడవకపోతే బుద్ధిమంతురాలు, ఉలిక్కిపడకపోతే ధైర్యవంతురాలు అనుకుంటాం మనం. మెచ్చుకోవడమే తప్ప ఎందుకని అడగం.

నూన్ అయిన దగ్గరనుంచి నాకు ఇదే పని. యూసఫ్ ఏది విని ఏం చేస్తున్నాడో చూడటం, అది బుజ్జి చేసిందా అని గుర్తు చేసుకోవడం. ఆమధ్య వాళ్ళ నాన్న తలగుడ్డ లేకుండా, జుట్టు కురచగా కత్తిరించుకుని వచ్చాడు. వీడు వాళ్ళ నాన్నని పోల్చుకోలేక నా మెడ పట్టుకుని ఒకటే ఏడుపు. ఆయన "యూసఫ్" అన్నాడు. అంతే, ఖలాస్, ఏడుపు ఆగిపోయింది. గొంతుని బట్టి మనిషిని పోల్చుకున్నాడు. మరి మరిది గారు తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చినప్పుడు? బుజ్జి మూడు రోజులు ఆయన దగ్గరికి వెళ్ళలేదు. "బుజ్జీ, నాన్నరా, నాన్నని" అని ఆయన పిలిచీ పిలిచీ అలిసిపోయారని నువ్వు చెప్తే గుండు మీద ఎన్ని జోకులు వేసుకున్నాం మనం.

ఇంకొకటి. నేను బారసాలకని సెలవులో వచ్చినప్పుడు దానికి రెండో నెల. ఉయ్యాల ఊపుతూ పాడితే నా నోటివంకే చూసేది. కన్ను తిప్పేది కాదు. నా పాట అంత నచ్చిందా అని పొంగిపోయాను. ఇప్పుడు అనిపిస్తుంది, పాట కాదేమో, పెదవులు కదలడం చూసిందేమో. అప్పట్లో ఊ, ఊ అని కబుర్లు చెప్పేది. ఈమధ్య ఆ కబుర్లు తగ్గాయని నువ్వే అన్నావు. యూసఫ్ ఇప్పుడు రోజంతా బబబ, దదద అంటూ గోడలతో కూడా మాట్లాడుతున్నాడు. వాళ్ళమ్మ అరబ్బీలో పిలిస్తే ఆలోచిస్తాడు, నేను "దా" అంటే పాకుతూ వచ్చేస్తాడు. మొన్నటినుంచి మామా కూడా వాణ్ణి "దా, దా" అనే పిలుస్తోంది. నాకు నవ్వొస్తుంది, మళ్ళీ ఏడుపొస్తుంది. మన భాష ఈ కువైటీ పిల్లాడి చెవిలో పడింది, మన పిల్ల చెవిలో పడిందో లేదో తెలియదు.

పోయిన శుక్రవారం నిన్ను విసిగించాను గుర్తుందా? బుజ్జిని కింద కూర్చోబెట్టి, ఫోన్ దాని వెనక పెట్టమన్నాను. "ఏంటక్కా, పిల్లకి పరీచ్చలెడతన్నావా?" అన్నావు. పెట్టాను, నిజమే. నీకు చెప్పకుండా పెట్టాను, అందుకు క్షమించు. ఆరుసార్లు పిలిచాను. నా గొంతు విని ఇక్కడ గది ఆ చివరనుంచి యూసఫ్ పాక్కుంటూ వచ్చి నా గౌను అంచు పట్టుకున్నాడు. అక్కడ బుజ్జి గరిటె తిప్పి తిప్పి చూసుకుంటోంది. "ఆటలో ఉందక్కా. ఆటలో పడితే దానికి నేను కూడా అక్కర్లేదు" అన్నావు. తర్వాత నువ్వొచ్చి మంచం మీద కూర్చోబెట్టుకుని, నువ్వు కదలగానే తిరిగి చూసిందని చూపించావు. మంచం కదిలింది కదమ్మా. నీ నీడ పడింది కదా. అది తెలివైన పిల్ల. కళ్ళతో, ఒంటితో అన్నీ కనిపెట్టేస్తోంది. అందుకే మనకి ఇన్నాళ్ళూ అంతుపట్టలేదు.

ఈ పని నాకెందుకు అని కూడా చాలా ఆలోచించాను. నాకు పిల్లల్లేరు. బారసాల నాడు అందరి ఒళ్ళోనూ పెట్టి, నా దగ్గరికి వచ్చేసరికి "పాలకేడుస్తంది, లోపలికి తీసుకెల్లు" అన్నారు మీ అత్తయ్యగారు. పిల్ల అప్పుడు నిద్రపోతోంది. నువ్వు చూశావు, తల దించుకున్నావు. నేను నిన్ను తప్పు పట్టలేదు, ఆవిణ్ణీ తప్పు పట్టను. బుజ్జంటే ఆవిడకి ప్రాణం. కానీ ఇప్పుడు నేను ఈ మాట అంటే ఏమంటారో నాకు తెలుసు. గొడ్రాలి కళ్ళు పడ్డాయంటారు. రేపు డాక్టరు అవునంటే నేను అన్నందువల్లే అయిందంటారు. నువ్వు కూడా ఒక్క క్షణమైనా అలా అనుకుంటావేమోనని భయపడ్డాను. ఆ భయంతోనే రెండు వారాలు పోగొట్టాను.

పొద్దున మీ బావ బస్సులో వచ్చారు, శుక్రవారాలు వస్తారు కదా. ఆయన తోటలో మొక్కలతోపాటు మేకల్నీ చూడాలి. అంతా చెప్పి, రాయనా వద్దా అని అడిగాను. ఆయన టీ తాగడం ఆపి, "తల్లి అరిస్తే తిరగని మేకపిల్లని మేం మూడో రోజుకే పక్కకి తీసి సూత్తాం. మనిసి పిల్లకి పది నెల్లు కావాలా? రాయి. తిడితే తిట్టనీ" అన్నారు. అంతే, లేచి కాగితాలు కొనుక్కొచ్చి ఇచ్చారు.

ఇప్పుడు నేను చెప్పేది ధైర్యంగా విను. ఇది పోగొట్టుకున్న సంగతి కాదు. నేను ముందు ముబారక్ అల్ కబీర్‌లో పనిచేసిన ఇంట్లో ఒక ఆడపిల్ల ఉండేది. దానికీ ఇలాగే ఉంటే ఏడాది లోపే కనిపెట్టి చెవికి చిన్న మిషను పెట్టించారు. మొదటిసారి పెట్టిన రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను. వాళ్ళమ్మ పేరు పెట్టి పిలవగానే పాలసీసా వదిలేసి చుట్టూ వెతికింది, ఎవరు, ఎవరు అన్నట్టు. రెండో ఏడు దాటేసరికి నన్ను పేరుపెట్టి పిలిచి పనులు చెప్పేది. ఆ పిల్ల కబుర్లకి నాకు తలనొప్పి వచ్చేది. కొందరికి మిషను సరిపోదట, ఆపరేషను కావాలంట. కొందరికి చెవిలో నీరు చేరితే మందులతోనే తగ్గిపోతుందట. మనకి ఏదో, అసలు ఏమన్నా ఉందో లేదో, చూస్తేనే తెలుస్తుంది.

యూసఫ్‌కి టీకాలు వేయించడానికి వెళ్ళినప్పుడు అక్కడి కేరళ నర్సుని అడిగాను. నాకొచ్చిన హిందీ, ఆవిడకొచ్చిన హిందీ కలిపితే పని జరిగింది. పిల్ల నిద్రలో ఉండగా తలకి సన్నని తీగలు అంటించి చూస్తారట, నొప్పి ఉండదట. "ఎవరు చెప్పినా సరే, పెద్దయితే అదే మాట్లాడుతుంది అని ఆగొద్దు. మాటలు నేర్చే వయసు ఇదే. ఇవాళ వెళ్ళగలిగితే రేపటిదాకా ఎందుకు" అంది. మీ అత్తయ్యగారు తప్పకుండా ఆ మాటే అంటారు, "మా ఆయనకీ నాలుగేల్లదాకా మాట రాలేదు" అని. ఆవిడతో వాదించకు. టీకా కోసమని చెప్పి మరిది గారితో కాకినాడ బయల్దేరు. చెవి డాక్టరుకే చూపించు. ఖర్చు మాట తలపెట్టకు, నేనున్నాను. మరిది గారికి మాత్రం నిజం చెప్పు. గుండు సంగతి గుర్తు చేస్తే ఆయనకే అర్థమవుతుంది.

డాక్టరు ఏం లేదంటే మీ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, మా అక్క పిచ్చిదని చెప్పు. స్పీకర్ పెట్టి నన్ను తిట్టించు. నేను నవ్వుతూ వింటాను, ఒట్టు. ఉందంటే మాత్రం ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్యి. పనిలో ఉన్నా ఎత్తుతాను, మామాకి అంతా చెప్పాను. ఆవిడ వాళ్ళ దేవుణ్ణి తలుచుకుని, యూసఫ్‌ని నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

ఇక్కడ ఎండలు కాస్త తగ్గాయి, దుమ్ము తగ్గలేదు. పొద్దున్న తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. తిండికి లోటు లేదు. మొన్న చింతకాయ పచ్చడి తినాలనిపించి నిమ్మకాయతో సరిపెట్టుకున్నాను. యూసఫ్ సోఫా పట్టుకుని నిలబడుతున్నాడు. ఒక చెయ్యి వదిలి నావంక చూసి మళ్ళీ పట్టుకుంటున్నాడు. నేడో రేపో అడుగేస్తాడు. అరిసెలకి బెల్లం తెప్పించి పెట్టాను. బుజ్జి కూడా నిలబడుతోందన్నావు కదా. ఇద్దరిలో ఎవరు ముందేస్తారో చూడాలని నాకు ఒకటే ఆత్రం. రెండుచోట్లా అరిసెలు చెయ్యాల్సిందే.

మీ అత్తయ్యగారికి, మామయ్యగారికి నా నమస్కారాలు. మరిది గారిని అడిగానని చెప్పు. బుజ్జిని నా బదులు రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టుకో. అది చెవితో పని లేకుండా అందే సంగతి.

ఎప్పుడూ నీ మేలు కోరే
అక్క
సత్యవతి

తాజా కలం: ఇప్పుడు పొట్లం విప్పు. వెండి పట్టీలు. దాని మొదటి అడుగులకి నా కానుక. కొట్లో మువ్వలున్నవీ ఉన్నాయి, మువ్వల్లేనివీ ఉన్నాయి. చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కొట్టువాడు "యల్లా" అని రెండుసార్లు తొందరపెట్టాడు. మువ్వలున్నవే కొన్నాను. వాటిని బుజ్జికి అప్పుడే చూపించకు, మెరుపు చూసి తిరిగితే మనకి ఏమీ తెలియదు. ఫ్యాను ఆపి, అది అటు తిరిగి కూర్చున్నప్పుడు వెనక నిలబడి మోగించు. తిరిగినా తిరగకపోయినా కాకినాడ మాత్రం వెళ్ళు. తర్వాత ఏం తేలినా సరే, ఆ మువ్వలు తియ్యకుండా అలాగే దాని కాళ్ళకి పెట్టు. ఇవాళ కాకపోతే మరో రోజు వింటుంది.